మొదటి 60 అడుగులు

డ్రాగ్ స్ట్రిప్‌కు, అంటే కార్ల వేగ పందేలు జరిగే తిన్నని దారికి, సొంత కారు తీసుకొచ్చే వాళ్లలో ఎక్కువ మంది మాట్లాడుకునేది హార్స్‌పవర్ గురించే. టర్బో మార్చానని, ట్యూన్ చేయించానని, ఇంజిన్ శక్తిని కొలిచే డైనో మీద ఇంత చూపించిందని చెప్పుకోవడంలో సరదా ఉన్న మాట నిజమే. ఆ కబుర్లలో నేనూ వెనకబడే మనిషిని కాను. అయితే పరుగు పూర్తయ్యాక చేతికిచ్చే టైమ్ స్లిప్‌లను పారేయకుండా దాచుకుని, తీరిగ్గా ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూసుకుంటూ వచ్చాక నాకు స్థిరపడిన అభిప్రాయం వేరు. రోజూ రోడ్డు మీద తిరిగే కారుకే కాస్త మెరుగులు దిద్ది పోటీకి దిగే మనలాంటి వాళ్లకు పావు మైలు పందెం చాలావరకు మొదటి 60 అడుగుల్లోనే, అంటే సుమారు 18 మీటర్లలోనే తేలిపోతుంది. ఆ తరువాత మన చేతిలో మిగిలేది గేర్లు సక్రమంగా మార్చడం, కారును తిన్నగా నడపడం మాత్రమే.

ఈ ఆట తెలియని వాళ్ల కోసం రెండు మాటలు. పక్కపక్కన రెండు లేన్లు, ప్రతి లేన్‌లో నిలబడి ఉన్న ఒక కారు, ఎదురుగా 1,320 అడుగుల తిన్నని దారి. మన కొలతలో అది 402 మీటర్లు. స్థలం చాలని చోట అందులో సగం, 660 అడుగులే పరుగెత్తుతారు. గీత దాటాక కారు నెమ్మదించడానికి చాలినంత దూరం, పక్కల గోడలు, సిద్ధంగా ఒక అంబులెన్స్ ఉండాలి. ఈ ఏర్పాట్లన్నీ వీధుల్లో జరిగే పందాలను అక్కడి నుంచి తప్పించడానికి పుట్టుకొచ్చినవే. అమెరికాలో వాలీ పార్క్స్ 1951లో నేషనల్ హాట్ రాడ్ అసోసియేషన్‌ను స్థాపించడం వెనక ఉన్న ముఖ్యోద్దేశం కూడా అదే. తొలినాళ్లలో జెండా ఊపి పందెం మొదలుపెట్టేవారు. 1963లో క్రిస్మస్ ట్రీ అని పిలిచే దీపాల స్తంభం వచ్చాక జెండా పట్టుకున్న మనిషి మీద తగవులు తగ్గి, యంత్రం మీద తగవులు మొదలయ్యాయి.

ఆ దీపాల స్తంభం దగ్గర జరిగేది అర్థమైతేనే స్లిప్ మీది అంకెలు అర్థమవుతాయి. ప్రారంభ గీత దగ్గర లేన్‌కు అడ్డంగా, నేలకు కొద్ది ఎత్తులో రెండు కాంతి కిరణాలు ఉంటాయి. వాటి మధ్య దూరం ఏడు అంగుళాలు. ముందు టైరు మొదటి కిరణానికి అడ్డు తగలగానే పైనున్న ప్రీ-స్టేజ్ దీపం, రెండో దానికి తగలగానే స్టేజ్ దీపం వెలుగుతాయి. ఇద్దరూ స్టేజ్ అయ్యాక అర సెకను తేడాతో ఒకటి తరువాత ఒకటిగా మూడు పసుపు దీపాలు, ఆపై మరో అర సెకనుకు ఆకుపచ్చ దీపం వెలుగుతాయి. ఆకుపచ్చ కోసం ఎదురుచూస్తూ కూర్చున్నవాడు అప్పటికే వెనకబడినట్టు లెక్క. కంటికి కనిపించినది కాలికి చేరడానికి కొంత సమయం, కాలు కదిలాక కారు కదలడానికి మరికొంత సమయం పడుతుంది కాబట్టి చివరి పసుపు దీపం చూసే క్లచ్ వదలాలి. మరీ తొందరపడితే ఎర్ర దీపం వెలుగుతుంది, పందెం అక్కడితో సరి.

ఇక్కడ కొత్తవాళ్లను తరచూ తికమక పెట్టే సంగతి ఒకటుంది. పరుగు సమయాన్ని కొలిచే గడియారం ఆకుపచ్చ దీపంతో మొదలు కాదు. మన ముందు టైరు స్టేజ్ కిరణాన్ని వదిలి ముందుకు పోయినప్పుడు మొదలవుతుంది. ఆకుపచ్చ వెలిగాక పది సెకన్లు కూర్చుని బయలుదేరినా స్లిప్ మీద పరుగు సమయం మారదు, పందెం మాత్రం ఎప్పుడో చేజారిపోయి ఉంటుంది. టైరు కిరణాన్ని అడ్డుకుని వదిలేలోపు కారు ఇంచుమించు ఒక అడుగు కదులుతుంది, ఆ అడుగు లెక్కలోకి రాదు. చూడటానికి అడుగే కదా అనిపిస్తుంది. కానీ నిలబడి ఉన్న కారు, గురుత్వ త్వరణానికి సమానంగా వేగం పుంజుకున్నా సరే, ఆ ఒక్క అడుగు దాటడానికి పావు సెకను తీసుకుంటుంది. అందుకే స్టేజ్ దీపం వెలిగీ వెలగకముందే కారు ఆపేసే వాళ్లకు, చక్రాన్ని ఇంకో రెండు అంగుళాలు లోపలికి జరుపుకునే వాళ్లకు స్లిప్ మీద వేర్వేరు అంకెలు వస్తాయి. మొదటి రకం వారికి పరుగు సమయం తగ్గుతుంది, రెండో రకం వారికి స్పందన సమయం (ఆకుపచ్చ వెలిగాక కిరణాన్ని వదలడానికి పట్టేది) తగ్గుతుంది. ఏది ఎంచుకున్నా ప్రతిసారీ అదే చోట ఆపడం ముఖ్యం.

నా కారు ముందు చక్రాలతో నడిచేది, చిన్న టర్బో ఇంజిన్, మాన్యువల్ గేర్లు. ఒకే సాయంత్రం దానితో వచ్చిన రెండు స్లిప్‌లు ఇప్పుడు నా ముందు ఉన్నాయి. మొదటి దానిలో 60 అడుగుల సమయం 2.21 సెకన్లు, 330 అడుగుల దగ్గర 5.98, సగం దూరానికి 9.08, చివరికి 14.01, గీత దాటే వేగం గంటకు 100 మైళ్లు, అంటే 161 కిలోమీటర్లు. రెండో దానిలో అదే వరుసలో 2.02, 5.68, 8.76, 13.68, చివరి వేగం మళ్లీ 100 మైళ్లే. ఇంజిన్‌ను ఎవరూ ముట్టుకోలేదు. రెండు పరుగులకూ మధ్య నేను చేసినవి రెండే పనులు: ముందు టైర్లలో గాలి 34 నుంచి 26 పీఎస్ఐకి తగ్గించాను, క్లచ్ వదిలేటప్పుడు ఇంజిన్‌ను 5,000 ఆర్‌పీఎం దగ్గర కాకుండా 3,500 దగ్గర ఉంచాను. మొదటి 60 అడుగుల్లో కలిసొచ్చిన 0.19 సెకను 330 అడుగులకు 0.30 అయింది, గీత దగ్గరికి 0.33 అయింది. మొదట్లో దక్కిన లాభం దారి పొడవునా అలాగే నిలవడమే కాదు, కొంత పెరిగింది కూడా.

ఎందుకలా అంటే, 60 అడుగులు మొత్తం దూరంలో 22వ వంతు మాత్రమే అయినా, ఆ కొద్దిపాటి దూరానికి పట్టే 2.02 సెకన్లు మొత్తం సమయంలో దాదాపు ఏడో వంతు. కారు అన్నిటికంటే మెల్లగా కదిలేది అక్కడే కనుక ప్రతి మీటరు ఖరీదు అక్కడే ఎక్కువ. పైగా 60 అడుగుల గుర్తును ఎక్కువ వేగంతో దాటిన కారు ఆ వేగాన్ని వెంటబెట్టుకుని తరువాతి భాగంలోకి వెళుతుంది, అందుకే తేడా 330 అడుగుల దాకా పెరుగుతూ పోయి ఆపైన స్థిరపడుతుంది. స్లిప్‌ను పై నుంచి కిందికి చదివేటప్పుడు నేను మొట్టమొదట చూసేది ఆ 60 అడుగుల అంకెనే. అది బాగాలేకపోతే మిగిలిన అంకెల మీద చర్చ అనవసరం.

చివరి వేగం చెప్పే కథ వేరు. గీతకు ముందున్న 66 అడుగుల మీద దాన్ని సగటుగా లెక్కిస్తారు. ఆరంభంలో చక్రాలు కాస్త తిరిగిపోయినా ఆ అంకె పెద్దగా మారదు. కారు బరువుకూ ఇంజిన్ శక్తికీ మధ్య ఉన్న నిష్పత్తిని అది చాలా నిజాయితీగా చెబుతుంది. డైనో మీద ఎంత వచ్చిందని ఎవరు చెప్పినా నేను వారి చివరి వేగం అడుగుతాను. ఆ వేగం శక్తికీ బరువుకూ ఉన్న నిష్పత్తి ఘనమూలాన్ని అనుసరించి పెరుగుతుందని అనుభవం మీద తేలిన పాత సూత్రం ఒకటుంది. ఆ ప్రకారం చివరి వేగాన్ని 100 మైళ్ల నుంచి 110 మైళ్లకు తీసుకెళ్లాలంటే శక్తిని మూడో వంతు పెంచాలి. మూడో వంతు శక్తి అంటే పెద్ద టర్బో, పెద్ద ఇంజెక్టర్లు, కొత్త క్లచ్, ఆపైన ఏది ముందు విరుగుతుందోనన్న బెంగ. టైరులో గాలి తీయడానికి కావలసింది మాత్రం ఒక గేజి.

అయితే గాలి తీసే పని కూడా చూసుకుని చేయాలి. రోడ్డు టైరు పక్కగోడలు గట్టిగా ఉంటాయి కాబట్టి గాలి మరీ తగ్గిస్తే నడిమి భాగం పైకి లేచి రెండు అంచులే నేలను పట్టుకుంటాయి. డ్రాగ్ రేడియల్ టైర్ల సంగతి వేరు. వాటి పక్కగోడ మెత్తగా వంగేలా చేసినది కాబట్టి 15 నుంచి 20 పీఎస్ఐ మధ్య హాయిగా పనిచేస్తాయి. లాగే పని లేని చక్రాలలో మాత్రం గాలి నిండుగా ఉంచితే దొర్లుడు తేలికవుతుంది. ఇంటికి బయలుదేరే ముందు మళ్లీ గాలి నింపుకోవడం మరిచిపోకూడదు.

ఇక బర్నౌట్, అంటే కారును దాదాపు నిలిపి ఉంచి చక్రాలను గిర్రున తిప్పి టైర్లు వేడెక్కించడం. సినిమాల వల్లనో ఏమో, స్ట్రిప్‌కు వచ్చిన ప్రతి కుర్రవాడూ ముందు నీళ్ల గుంటలోకి కారు దింపి పొగ లేపాలనుకుంటాడు. మామూలు రోడ్డు టైరుకు గాడులు ఉంటాయి. అవి ఆ నీళ్లను మోసుకొచ్చి, చక్రాల పైకప్పు నుంచి బొట్లు బొట్లుగా కార్చి, సరిగ్గా మన ప్రారంభ గీతను తడిపేస్తాయి. అక్కడ నేలంతా జిగురు రసాయనం చల్లి, దానిపైన రబ్బరు పరిచి ఉంచుతారు. బూటు వేసుకుని నడిస్తే అడుగు తీసి అడుగు వేయడానికి బలం పెట్టాల్సినంత పట్టు ఉంటుంది. దాని మీద నీళ్లు కార్చినవాడు తనకే కాదు, తన వెనక వచ్చేవాడికీ నష్టం చేసినట్టే. రోడ్డు టైర్లతో వచ్చినవాళ్లు ఆ గుంటను చుట్టి పోయి, దాటాక చక్రాలను ఒక్క క్షణం తిప్పి అంటుకున్న చిన్న రాళ్లు వదిలించుకుంటే చాలు. వేడెక్కితేనే మెత్తబడి పట్టు ఇచ్చేవి డ్రాగ్ టైర్లు. రోడ్డు టైరును అంతసేపు తిప్పితే అరగడం తప్ప మరో ప్రయోజనం ఉండదు.

కారు ఎగదూకినప్పుడు బరువు వెనక్కి మళ్లుతుంది. వెనక చక్రాలతో నడిచే కారుకు అది వరం, నాలాంటి వాళ్లకు శాపం. నాకు ఎక్కువ పట్టు కావలసిన క్షణంలోనే ముందు చక్రాల మీద బరువు తగ్గిపోతుంది. అంతేకాక చక్రం ఒకసారి జారి మళ్లీ పట్టుకుని మళ్లీ జారుతూ ఎగిరెగిరి పడటం మొదలుపెడుతుంది. ఆ కుదుపు ఉన్నట్టుండి యాక్సిల్‌ను విరిచేయగలదు. అది మొదలైందనిపిస్తే పాదం తీసేయడమే దారి, మొండిగా నొక్కిపట్టినవాళ్లు ట్రక్కు మీద ఇంటికి వెళతారు. సస్పెన్షన్ బుష్‌లు, ఇంజిన్ మౌంట్‌లు గట్టివి వేయించుకుంటే ఈ బాధ చాలావరకు తగ్గుతుంది, కాకపోతే సిగ్నల్ దగ్గర ఆగినప్పుడల్లా డాష్‌బోర్డు వణకడాన్ని భరించాలి. నాలుగు చక్రాలతో నడిచే కార్ల వాళ్లకు గీత దగ్గర ఈ కష్టాలేవీ ఉండవు. వాళ్ల కష్టమంతా క్లచ్‌తోనూ గేర్‌బాక్స్‌తోనూ, ఎందుకంటే జారి తప్పించుకోవడానికి టైరు ఒప్పుకోకపోతే ఆ బలమంతా ఎక్కడో ఒకచోట పడక తప్పదు.

ఎవరైనా మొదట ఏం మార్చమంటారని అడిగితే నేను చెప్పే వరుస ఇదే: టైర్లు, బుష్‌లు, క్లచ్, బరువు, చివరగా ఇంజిన్. స్పేర్ టైరు, జాకీ, వెనక సీటు తీసేస్తే బరువు బాగానే తగ్గుతుంది. సుమారు 45 కిలోలు తగ్గితే సెకనులో పదో వంతు కలిసొస్తుందని స్ట్రిప్ దగ్గర అందరికీ నోటికొచ్చిన లెక్క. డ్రైవరు ఒంటి బరువు కూడా కారు బరువే అన్న సంగతి అక్కడ ఎవరూ ఎత్తరు. మోత తప్ప సమయం ఇవ్వని ఎయిర్ ఫిల్టర్ల గురించి నేనేమీ అనను, నా కారుకూ ఒకటుంది. టర్బో ఇంజిన్‌కు ట్యూన్ చేయించుకుంటే శక్తి తేలిగ్గా పెరుగుతుంది, నిజమే. అయితే పెరిగిన బూస్ట్‌కు (టర్బో నెట్టే గాలి ఒత్తిడికి) కంపెనీ క్లచ్ జారడం, ఇంధనం నాణ్యత చాలక నాకింగ్ (ఇంధనం అదుపు తప్పి అంటుకుని ఇంజిన్ కొట్టుకోవడం) మొదలవడం, టర్బో గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ వేడెక్కి రెండో పరుగుకే బలం పడిపోవడం వెంటే వస్తాయి. పరుగుకూ పరుగుకూ మధ్య ఇంజిన్ ఆపి, బానెట్ ఎత్తి, వరుసలో కారును చేత్తో తోసుకుంటూ ముందుకు జరుపుకునే వాళ్లను చూసి నవ్వకండి, వాళ్లు అనుభవజ్ఞులు.

పరుగుకు ముందు తనిఖీ ఉంటుంది, దాన్ని తేలిగ్గా తీసుకునే వాళ్లంటే నాకు గిట్టదు. బ్యాటరీ గట్టిగా బిగించి ఉందా, చక్రాల నట్లు సరిగా ఉన్నాయా, ఎక్కడైనా ఆయిల్ కారుతోందా, సీటు బెల్టు పనిచేస్తోందా, డ్రైవరు కాళ్ల దగ్గర దొర్లే నీళ్ల సీసా ఏమైనా ఉందా అని చూస్తారు. బ్రేకు పెడల్ కింద సీసా ఇరుక్కోవడం ఏమంత అరుదైన విషయం కాదు, గంటకు 160 కిలోమీటర్ల వేగంలో అది తెలిసే చోటు మాత్రం ఏమాత్రం మంచిది కాదు. రేడియేటర్‌లో కూలెంట్ బదులు ఉత్త నీళ్లే ఉండాలని చాలా చోట్ల పట్టుబడతారు, ఎందుకంటే కూలెంట్ ఒలికితే నేల జారుడుబండ అవుతుంది, శుభ్రం చేసేదాకా అందరి పరుగులూ ఆగిపోతాయి. నేను పైన చెప్పిన అసోసియేషన్ నిబంధనల్లో 13.99 సెకన్లకు చేరిన కారు డ్రైవరుకు హెల్మెట్ తప్పనిసరి, 11.49కి దిగితే రోల్ బార్, అంటే కారు బోల్తా పడితే డ్రైవరును కాపాడే లోహపు చట్రం, కావాలి. కొత్త మోడల్ కార్లకు ఇందులో కొన్ని సడలింపులున్నాయి. నా రెండు స్లిప్‌లనే చూడండి: మొదటి పరుగు ఆ హెల్మెట్ గీతకు ఈవల, రెండోది ఆవల. వేగంలో ఏ మార్పూ లేకుండానే, టైరులో గాలి, క్లచ్ వదిలే ఆర్‌పీఎం తగ్గినందుకే కారు వేరే నిబంధన కిందికి వచ్చింది. హెల్మెట్ ఎలాగూ ముందు నుంచీ పెట్టుకునే ఉన్నాను, అది వేరే సంగతి.

ఇంత చెప్పాక, కారు త్వరగా పరుగెత్తడమే గెలుపు అనుకుంటే అది కూడా పూర్తిగా నిజం కాదు. స్థానిక స్ట్రిప్‌లలో మనలాంటి వాళ్లు ఎక్కువగా ఆడేది బ్రాకెట్ రేసింగ్. ఇందులో ప్రతి ఒక్కరూ తమ కారు ఎంత సమయంలో పరుగు ముగిస్తుందో ముందే అద్దం మీద రాస్తారు, దాన్నే డయల్-ఇన్ అంటారు. నేను 13.70 అని, పక్క లేన్‌లో కారు 11.20 అని రాస్తే నాకు ఆకుపచ్చ దీపం 2.50 సెకన్లు ముందు వెలుగుతుంది. నేను 0.080 సెకనులో స్పందించి 13.74లో పరుగు ముగించాననుకోండి, రాసిన దానికంటే మొత్తం 0.12 ఎక్కువ తీసుకున్నట్టు. ఆవలి మనిషి 0.030లో స్పందించి 11.26లో ముగిస్తే అతను తీసుకున్నది 0.09 ఎక్కువ, 0.03 సెకను తేడాతో, అంటే అతనున్న వేగంలో ఒక మీటరున్నర ముందుండి అతనే గెలుస్తాడు. అలా కాక అతని కారు అనుకోకుండా బాగా పరుగెత్తి 11.17 వచ్చిందనుకోండి, రాసిన సమయం కంటే తక్కువలో ముగించినందుకు అతను ఓడిపోతాడు. దీన్ని బ్రేకౌట్ అంటారు. గీత దగ్గర పక్క కారు ఎంత దూరంలో ఉందో ఒక్క చూపులో అంచనా వేసి, గెలుపు ఖాయమనుకుంటే బ్రేకు మీద పాదం ఆనించే పెద్దమనుషులు ఇందులో ఉంటారు. వాళ్లకు ఎదురుపడితే కారు శక్తి ఎందుకూ కొరగాదు.

ఈ ఆటలో కావలసింది ప్రతిసారీ ఒకే సమయం ఇచ్చే కారు, ఆ నిలకడ మళ్లీ 60 అడుగుల దగ్గరే దొరుకుతుంది. గేర్లు, ఇంజిన్ దాదాపు ఒకేలా పనిచేస్తాయి. ఒక పరుగుకూ మరో పరుగుకూ మారిపోయేది క్లచ్ వదిలే కాలు. అందుకే బ్రాకెట్ ఆటగాళ్లలో చాలామంది ఆటోమేటిక్ గేర్ల వైపు మొగ్గుతారు. నేను మూడు పెడళ్ల మీద మమకారంతో పట్టుబట్టి కూర్చున్నాను, తత్ఫలితంగా తొలి రౌండ్లలోనే తరచూ ఇంటిముఖం పడుతుంటాను.

డయల్-ఇన్ రాయడంలో వాతావరణం కూడా పాలుపంచుకుంటుంది. గాలి చల్లగా, పొడిగా, చిక్కగా ఉంటే ఇంజిన్‌కు ఆక్సిజన్ ఎక్కువ అందుతుంది. ఎండ తగ్గి సాయంత్రం పడుతున్న కొద్దీ నా కారు సమయం సెకనులో కొన్ని వందో వంతులు తగ్గుతూ వస్తుంది. ప్రతి పరుగుకూ గాలి ఉష్ణోగ్రత, టైరు గాలి, క్లచ్ వదిలిన ఆర్‌పీఎం, 60 అడుగుల సమయం ఒక నోటు పుస్తకంలో రాసుకుంటాను. చీకటి పడేదాకా అద్దం మీద అంకెను కొద్దికొద్దిగా దించుతూ పోవచ్చు. ఆ తరువాత వ్యవహారం తిరగబడుతుంది: ఇంజిన్ ఇంకా బలం పుంజుకుంటూనే ఉంటుంది, కానీ నేల చల్లబడి జిగురు బిగుసుకుంటుంది, తేమ దిగడం మొదలవుతుంది, 60 అడుగుల సమయం పెరగడం మొదలవుతుంది. చివరి వేగం పెరుగుతూ, పరుగు సమయం కూడా పెరుగుతున్న స్లిప్ ఒకటి చేతికొస్తే ఆ మలుపు వచ్చేసిందన్నమాట. అప్పుడు నేను గాలి ఇంకో పీఎస్ఐ తగ్గించి, క్లచ్ 3,200 దగ్గర వదిలేలా సర్దుకుని, అద్దం మీద అంకెను మూడు నాలుగు వందో వంతులు పైకి మార్చి రాస్తాను.